కుళాయి వరుసలో తొమ్మిది పేర్లు

మార్చి 4

జానీకి టికెట్టు ఇచ్చేరు.

పంప్‌హౌసులో మోటారు వేసి ఫోను చూసేను – ఫొటో. మెడలో కండువా, జోడించిన రెండు చేతులు. ఆ చేతులు నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళ కిందట రాయగడ పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూచున్న అర్జున్ జానీ. అప్పలస్వామిని కొట్టించిన జానీ. కొట్టించడమేమిటి, తనే కొట్టేడు. ఇప్పుడు ‘మన మట్టి బిడ్డ’. పోస్టరు మీద ఒడియాలో ఉంది, కింద తెలుగులో కూడా ఉంది. మన వీధుల ఓట్లు కావాలి కదా.

ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయేను. ట్యాంకు నిండి పొర్లిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ పొర్లనివ్వలేదు.

ఇంటికొచ్చి పార్వతికి చెప్పేను. బెండకాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

“అయితే ఏటి? మీకిస్తారనుకున్నారా?”

మార్చి 5

‘దిగ్భ్రాంతి’ అనే మాట నా వ్యాసాల్లో ఎన్నిసార్లు వాడేనో. ఊరికే వాడేను. అసలుది వచ్చినప్పుడు అన్నం సహించదు, అంతే.

మార్చి 7

వాడి బతుకు నాకు తెలుసు. అందుకే కోపం ఎక్కువ. తండ్రి కకిరిగుమ్మ దగ్గర రైల్వే గ్యాంగ్‌మన్. జానీ ఆశ్రమ స్కూలు హాస్టల్లో పెరిగి, కోరాపుట్‌లో కానిస్టేబులుగా చేరి, పరీక్షలు రాసి ఒక్కో మెట్టూ ఎక్కేడు. మా ఊరు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన రోజు సంబరపడింది మేమే. ఆ కుర్చీలో ఒక ఆదివాసీ కూచున్నాడని స్వాగతం రాసింది నేనే. ఆరు నెలలు తిరక్కుండానే మా సఫాయివాళ్ళ ఊరేగింపు మీద లాఠీ. తర్వాత డీఎస్పీ. మొన్న ఉద్యోగం వదిలేడు, నిన్న కండువా.

ఇప్పుడు జానీని ఒక్క మాటంటే ‘ఆదివాసీ ఎదిగితే ఓర్వలేరా’ అంటారు. అనండి. లాఠీకి కులం లేదు. దెబ్బ తిన్న వీపుకి ఉంది. ముందు దానికి జవాబు చెప్పండి.

మార్చి 10

యూనియన్ మీటింగు. కొత్త సెక్రటరీ తటస్థంగా ఉందామన్నాడు. జానీ గెలిస్తే మన సఫాయివాళ్ళని పర్మనెంటు చేసే ఫైలు కదులుతుందట, మాట కూడా ఇచ్చేడట. గంటసేపు వాదించేను. ఇంకొకడు, “గురువా, మీరెప్పుడూ రైటే. మాకే కడుపు ఖాళీ,” అన్నాడు. అందరూ నవ్వేరు. నాకు ఒళ్ళు మండింది.

అప్పలస్వామి మూల కూచుని అంతా విన్నాడు. పద్నాలుగు నెలలు కోరాపుట్ జైల్లో ఉన్న మనిషి. కేసు ఆరేళ్ళకి కొట్టేసేరు, ఊడ్చే పని మాత్రం మున్సిపాలిటీ తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు లాడ్జిలో గదులు కడుగుతున్నాడు. కుడి మోచెయ్యి తిన్నగా చాచలేడు. అలాంటివాడి ఎదురుగా ‘ఫైలు కదులుతుంది’ అంటారు.

బయటికొచ్చేక నా సైకిలు పట్టుకుని ఆపేడు. “బాబూ, నువ్వు రాయి. నాను సదవలేను గానీ సెప్పగల్ను. ఆడి మీటింగులోకే ఎల్లి సెప్తాను.”

‘బాబూ’ అనొద్దని ఎన్నేళ్ళుగా చెప్తున్నానో. వినడు.

మార్చి 13

రాసేను. నాలుగు పేజీలు. ‘లాఠీకి ఓటేస్తామా?’

ఊరేగింపులో దొరికింది సెక్రటరీ, ప్రెసిడెంటు ఇద్దరే. మిగతా తొమ్మిదిమంది వాలంటీర్లనీ మర్నాడు తెల్లారేసరికి ఇళ్ళల్లోంచి పట్టుకుపోయేరు. తొమ్మిది ఇళ్ళు. ఒక్క తలుపు కూడా తప్పు తట్టలేదు. అప్పట్లో నేను రాసిన వాక్యం ఇప్పుడూ పెట్టేను: ‘కుళాయి వచ్చే వరుసలోనే జీపు వచ్చింది – ముందు మూడో లైను, తర్వాత రెల్లివీధి, ఆ తర్వాత చెరువుగట్టు.’ ఇంకొకటి కూడా: ‘స్టేషనుకి టీ మోసిన చెయ్యే పేర్లూ మోసింది.’

సింహాచలం. స్టేషను ఎదుట టీ హోటలు. ఊరేగింపు ముందురోజు లోపల జానీ టేబులు దగ్గర నిలబడి ఉండగా ఇద్దరు చూసేరు. అప్పుడు పేరు రాయలేదు. అక్కర్లేకపోయింది. నెల తిరక్కుండా హోటల్లో టీ తాగేవాడు లేడు. మూసేసి బిస్సం కటక్ వెళ్ళిపోయేడు.

ఈసారి పేరు పెట్టే రాసేను. మొహమాటం దేనికి?

మార్చి 17

వెయ్యి కాపీలు రెండు రోజుల్లో అయిపోయేయి. బస్టాండులో ఒకతను గట్టిగా చదువుతుంటే చుట్టూ జనం. ఎవరో ఫొటోలు తీసి ఫోన్లలో పంపుతున్నారు, సునాబెడ నుంచి కూడా ఫోను వచ్చింది. ఎంతకాలమైందో ఇలా.

అప్పలస్వామి ఒక కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మార్చి 19

జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండింటికి పంప్‌హౌసు. వాల్వుకి గ్రీజు పెడుతున్నాను. బయట కారు ఆగింది. జానీ. వెంట వచ్చినవాణ్ణి కారు దగ్గరే ఉండమన్నాడు. తల నెరిసింది. పొట్ట మాత్రం రాలేదు. జోహార్ అని చేతులు జోడించేడు. నేను అనలేదు.

స్టూలు మీది గ్రీజు డబ్బా తీసి కింద పెట్టి తనే కూచున్నాడు. జేబులోంచి నా కరపత్రం. బాగా రాసేవన్నాడు. దెబ్బల సంగతి బుకాయిస్తాడని సిద్ధంగా ఉన్నాను – బుకాయించలేదు. పైనుంచి మాట వచ్చిందట. అప్పుడు తను కొత్త ఇన్‌స్పెక్టరు, కాదంటే మల్కన్‌గిరి అడవిలో పడేసేవారట. అయినా కొట్టిన చెయ్యి నాదే, అడిగితే స్టేజీ మీదే ఒప్పుకుంటాను అన్నాడు. నేను రాజ్యం గురించి, యూనిఫారం గురించి ఏదో మొదలెట్టేను. మధ్యలో అడ్డురాకుండా పూర్తిగా విన్నాడు. పోలీసువాడు అలా వింటే మాట దానంతటదే తడబడుతుంది.

తర్వాత మన యాసలోనే అన్నాడు: “ఒక్కటి తప్పు రాసేవు బాబూ. సింహాచలం నాకు టీ తప్ప ఏటీ ఇవ్వలేదు. ఆ రోజు లోపలికొచ్చింది పాత బాకీ అడగడానికి.”

మరి పేర్లెవరిచ్చేరు అన్నాను.

“మీ యూనియనే ఇచ్చింది. పర్మిషను కాయితంలో.”

జిరాక్సు కాగితం. ఒడియాలో దరఖాస్తు. కింద పాత సెక్రటరీ సంతకం, ఆయన పోయి నాలుగేళ్ళు. మధ్యలో తొమ్మిది పేర్లు, తండ్రి పేరు, వీధి, ఇంటి గుర్తు. గుండ్రంగా, పైన గొడుగులాంటి వంపు కూడా సరిగ్గా పెట్టని ఆ ఒడియా అక్షరాలు ఈ ఊళ్ళో ఇంకెవరూ రాయరు. నావి.

లేచి గుమ్మం దగ్గర ఆగేడు. వాల్వులకేసి చూసేడు.

“అప్పుడే అనుకున్నాను, రాసినోడెవుడో ఊరు బాగా తెలిసినోడని. వీధెనక వీధి. జీపు ఎక్కడా ఎనక్కి తిప్పక్కర్లేకపోయింది.”

ఏమీ అడగడం లేదన్నాడు. అసలు కాగితం తన దగ్గరుందన్నాడు. ఆ రెండూ ఒకే గొంతుతో అన్నాడు.

మార్చి 20

జీపు ఎక్కడా వెనక్కి తిప్పక్కర్లేకపోయింది.

మార్చి 21

గుర్తొచ్చింది. మొత్తం. ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో.

ఈ ఊళ్ళో ఊరేగింపంటే స్టేషనుకి కాగితం ఇవ్వాలి, బాధ్యులెవరో రాయాలి. అన్ని సంఘాలూ రెండు పేర్లు పడేసి ఊరుకుంటాయి. నేనే వాదించేను – మనమేమన్నా దొంగలమా, దాచుకోడానికి? తొమ్మిది వీధులు, తొమ్మిదిమంది వాలంటీర్లు, చిరునామాలతో సహా ఇద్దాం, మన బలం వాళ్ళకి తెలియాలి. సెక్రటరీ నసిగేడు. ఆయన్ని పిరికివాడన్నాను. అందరి ముందూ అన్నాను.

ఆ వీధుల్లో ఇళ్ళకి నంబర్లు లేవు. పొద్దున్నా సాయంత్రం నీళ్ళు వదిలేవాణ్ణి, ప్రతి గడపా తెలుసు. ‘రేకుల వసారా.’ ‘పసుపు తలుపు.’ ‘అప్పలస్వామి, మూడో లైను, అరుగు మీద కోళ్ళగూడు.’ నీళ్ళు వదిలే వరుసలో రాసుకుంటూ పోయేను. నాకు ఊరంటే ఆ వరుసే.

మర్నాడు ఊరేగింపు మూడు రోజులు వాయిదా పడింది. స్టేషన్లో రాతకోతలు చూసే మున్షీ కొత్త తేదీతో కొత్త కాగితం కావాలన్నాడు. అక్కడే నిలబడి, తొందరలో, రెండు పేర్లతో గీకిచ్చేసేను. పాతది అతని టేబులు మీద పేపరువెయిటు కింద ఉంది. తీసుకోలేదు. మళ్ళీ దాని సంగతి ఆలోచించలేదు. ఒక్కసారి కూడా.

పైగా జీపు కుళాయి వరుసలో వచ్చిందని రాసి మురిసిపోయేను. జవాబు నా వాక్యంలోనే ఉంది. రెండుసార్లు అచ్చేయించేను.

మార్చి 22

వాదన. కాగితం అడిగింది చట్టం. ఇచ్చినవాడు చట్టాన్ని నమ్మేడు. నమ్మినవాడిది నేరమా, ఆ నమ్మకాన్ని జీపెక్కించినవాడిదా? జాబితా కొట్టదు. లాఠీ కొడుతుంది. తిరుగులేని వాదన. ఎవడైనా ఖండించమనండి.

మరి సింహాచలం?

...అక్కడ ఒక్క వాక్యం కూడా లేవట్లేదు.

మార్చి 24

బిస్సం కటక్ వెళ్ళేను. రైల్లో.

సంత రోజు. వెతకక్కర్లేకపోయింది – టీ బండి, పెనం, అల్లం వడలు. ఒక కంటికి పొర వచ్చింది. దగ్గరికి వెళ్ళేదాకా పోల్చలేదు. పోల్చేక బల్ల తుడిచేడు.

“రైటరు బాబే కదూ. కూకోండి.”

వడలు పెట్టేడు. టీ ఇచ్చేడు. పక్కన పసుపు అమ్ముకునే కొంధు ఆదివాసీ ఆడవాళ్ళతో వాళ్ళ మాటలోనే బేరాలాడుతూ, మధ్యమధ్య నాతో మాట్లాడుతున్నాడు. ఈసారి పేరెట్టి రాసేవట కదా అన్నాడు. కూతురు ఫోనులో చదివి వినిపించిందట. ఆ అమ్మాయి ఇక్కడ అంగన్‌వాడీలో పనిచేస్తోంది. రెండు రోజులుగా పిల్లల తల్లులు అడుగుతున్నారట, మీ నాన్నేనా అని. ‘అమ్మి రెండు పూటల నుంచి నాతో మాటాడ్డం లేదు’ అన్నాడు. వర్షం రావట్లేదు అన్నట్టు అన్నాడు.

కోప్పడతాడేమోనని చూసేను. కోప్పడితే జవాబు చెప్పడం నాకు అలవాటు.

సంత పల్చబడ్డాక నా ఎదురుగా కూచున్నాడు.

“నాను సెప్పలేదని నీకు తెలుసనుకున్నాను బాబూ. తెలిసే రాసేవనుకున్నాను. తొమ్మండుగురు లోపలున్నప్పుడు ఎవుడో ఒకడు కావాలి గదా మీకు.”

తెలీదు అన్నాను. అది నిజం. ‘ఇప్పుడు తెలుసు’ అనేది కూడా నిజమే. అది అనలేదు. రైలు టైమైందని లేచిపోయేను.

పద్దెనిమిదేళ్ళు ఆ మనిషి నన్ను అలాంటివాణ్ణనుకుంటూ బతికేడు. అనుకుని కూడా బల్ల తుడిచేడు.

మార్చి 25

పార్వతికి అంతా చెప్పేను. దుప్పట్లు మడత పెడుతూ వింది.

“అప్పలస్వామన్నకి సెప్పేరా?”

లేదన్నాను.

“మరి నాకెందుకు సెప్పేరు?”

మార్చి 27

అప్పలస్వామి ఇంటికొచ్చేడు. ముప్ఫయ్యో తారీకు సాయంత్రం గ్రౌండులో జానీ మీటింగు. తన మాటలు ఒకసారి వినమన్నాడు. గదిలో నిలబడి, నన్నే జానీ అనుకుని చెప్పేడు. రాత లేదు, కాగితం లేదు. ఎంత బాగా చెప్పేడో. లాకప్పులో నీళ్ళడిగితే ఏమిచ్చేరో. ఆ పద్నాలుగు నెలల్లో తల్లి పోతే ఎవరు మోసేరో. నాకు తెలిసిన సంగతులే. నేను ఎన్నడూ అలా రాయలేకపోయేను.

చివర – సింహాచలం పేరు. “నా కోళ్ళగూడు దాకా గుర్తులు సెప్పీసేడు. ఆడి సేత్తో ఎన్ని టీలు తాగేనో” అంటున్నప్పుడు మొహం గోడకేసి తిప్పుకున్నాడు. దెబ్బల దగ్గర తిప్పుకోలేదు. అక్కడ.

మీటింగయ్యేక బిస్సం కటక్ వెళ్తాడట. సింహాచలం మొహం చూసి ఒక్క మాట అడుగుతాడట. అప్పుడు జైలుకెళ్ళిన మిగతావాళ్ళలో ముగ్గురు కూడా వస్తామన్నారు. ఆ ముగ్గురూ ఒక్క మాటతో ఆగే రకం కాదు.

చెప్పడానికి నోరు తెరిచేను. పార్వతి టీ తెచ్చింది. గ్లాసు అతనికిచ్చి, నాకేసి చూసి, అక్కడే నిలబడింది. నేను టీ తాగేను.

మార్చి 28

చెప్తే జానీ గెలుస్తాడు. ‘పేర్లు మీ యూనియనే ఇచ్చింది’ – ఒక్క మాట చాలు, పద్దెనిమిదేళ్ళ లాఠీ కడుక్కుపోతుంది. చెప్పకపోతే అప్పలస్వామి నిండు సభలో అబద్ధం చెప్తాడు, తనకి తెలీకుండా, నా అబద్ధం. జానీ నవ్వుతూ కాగితం తీస్తాడు. ఎలాగైనా తీస్తాడు.

చూడు, ఇక్కడ కూడా ఎన్నికల లెక్కే వేస్తున్నాను. సింహాచలం కూతురు ఈ లెక్కలో ఎక్కడా లేదు.

మార్చి 29

రెండో కరపత్రం. మూడుసార్లు చింపేను. మూడుసార్లూ మొదటి వాక్యంలో జానీయే. అలవాటు. నాలుగోసారి ‘నేను’ అని మొదలెట్టేను. ‘నేను రాసిన జాబితాతోనే ఆ తొమ్మిదిమందినీ పట్టుకున్నారు. సింహాచలం ఏ తప్పూ చెయ్యలేదు.’ మున్షీ టేబులు, వాయిదా, ఇంటి గుర్తులు, కుళాయి వరుస. ఏదీ వదల్లేదు.

అచ్చుకి ఇవ్వలేదు. ముందు అప్పలస్వామికి చదివి వినిపించాలి.

మార్చి 30

పొద్దున్న తొమ్మిదికి మూడో లైను. అరుగు మీద కూచుని గెడ్డం గీసుకుంటున్నాడు, ఎడం చేత్తో. తీగ మీద ఇస్త్రీ చొక్కా. నన్ను చూసి సంతోషపడ్డాడు. కొత్తది రాసేవేటి, సదువు సదువు అన్నాడు.

చదివేను. రెండు వాక్యాలకే అద్దం కింద పెట్టేడు. “ఇది జానీ గురించి కాదేటి బాబూ?” కాదన్నాను. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి వింటోంది. గొంతు తగ్గించలేదు. తగ్గిస్తే ఇంక చదవలేను. సగం గెడ్డం మీద సబ్బు ఆరిపోయింది. చివరిదాకా చదివేను.

తిడతాడనుకున్నాను. తిడితే తల వంచుకుందామనుకున్నాను. అది కూడా ముందే అనుకుని వెళ్ళేను, ఎలా వంచుకోవాలో.

ఆరిన సబ్బు వేలితో గీకుతూ అడిగేడు.

“ఆ తొమ్మిదింట్లో నీ పేరు ఎన్నోది?”

లేదు అన్నాను.

నాది పర్మనెంటు ఉద్యోగం. అది పైకి అనలేదు, అతనికి తెలుసు. తొమ్మిది వీధులకి తొమ్మిదిమందిని ఏరినప్పుడు నా వీధి వదిలేసేను. వాయిదా రాసేను, పేపరువెయిటు రాసేను, ఈ ఒక్క సంగతి ఆ కాగితంలో రాయలేదు. ఈ పేజీల్లోనూ రాయలేదు, ఇన్ని రోజులూ, నా కోసం నేను రాసుకుంటున్న చోట.

మిగిలిన గెడ్డం గీసుకోకుండానే మొహం కడిగేడు. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు నేను పెట్టబోతే నా చెయ్యి పక్కకి తీసేసేడు. కాగితం మాత్రం నా దగ్గర తీసుకున్నాడు – చదవలేని మనిషి. వీధి చివర కుడికి తిరిగితే లాడ్జి, గ్రౌండు. ఎడమకి రైల్వే స్టేషను, బిస్సం కటక్ వెళ్ళే రైలు. అతను అక్కడిదాకా వెళ్ళేసరికి నేను తలెత్తలేకపోయేను. ఎటు తిరిగేడో ఎదురింటావిడ చూసింది. అడగలేదు నేను.

సాయంత్రం అయిదు. ఇంట్లో. పార్వతి కిటికీ తెరిచి పెట్టింది. గ్రౌండులో మైకు. ఇంతవరకూ జానీ గొంతే. ఒక్కసారి ఏదో గోల, చప్పట్లో, అరుపులో... మళ్ళీ జానీ గొంతే.